పద్దు రాసే కృతజ్ఞత

రోజూ పొద్దున లేవగానే మనకు కలిగిన మేళ్లు పది ఒక పుస్తకంలో రాయాలి. ప్రతి మేలు పక్కనా అది మేలెందుకయిందో ఒక ముక్క రాయాలి. రాసిన జాబితా మళ్లీ చదువుకుంటూ ఒక్కో పద్దు చివర ముమ్మారు థాంక్యూ చెప్పాలి. రాత్రి పడుకోబోయే ముందు ఒక గులకరాయి గుప్పిట్లో పట్టుకుని, ఆ రోజు జరిగినవాటిలో అన్నిటికన్నా మంచిదేదో తలుచుకుని దానికీ థాంక్యూ చెప్పాలి. ఇలా 28 రోజులు, 28 అభ్యాసాలు. డబ్బు, ఆరోగ్యం, ఉద్యోగం, అనుబంధాలు అన్నీ చక్కబడతాయి.

ఇదేదో నోముకథ చివర చెప్పే విధానం కాదు. ఆస్ట్రేలియా రచయిత్రి రోండా బర్న్ 2012 లో ప్రచురించిన 'ద మ్యాజిక్' అనే పుస్తకంలోది. అంతకు ముందు 2006 లో 'ద సీక్రెట్' రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రచయిత్రే ఈవిడ. ఈ కోవకు చెందిన పుస్తకాలూ, రోజుకో పేజీ చొప్పున గీతలు గీసిపెట్టిన ఖాళీ నోటుపుస్తకాలూ ఇవాళ బెంగుళూరులో, చెన్నైలో ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా కనిపిస్తాయి. పుట్టినరోజుకు బహుమతిగా ఇచ్చిపుచ్చుకుంటున్నారు కూడా.

సాహిత్య పత్రికలో ఈ గొడవెందుకని అడగవచ్చు. నాకు తోచిన సమాధానం ఇది: పద్ధతి నోములాంటిదే అయినా, చేయమంటున్నది రాయడం. ఇన్నాళ్లూ చాకలిపద్దు తప్ప ఇంకేమీ రాయనివాళ్లు కూడా రోజూ కలం పట్టుకుని ఒక జాబితా రాస్తున్నారంటే అది ఒక ప్రక్రియ అయిపోయినట్టే. ప్రక్రియ అయినప్పుడు దాని లక్షణం ఏమిటి, దానికి పూర్వులెవరు, మన సాహిత్యంలో దానికి సాటివచ్చేది ఏమైనా ఉందా అని అడిగే పని విమర్శకుడిదే.

ముందు ఆ పుస్తకం సంగతి. మత్తయి సువార్తలో, ఉన్నవాడికే మరింత దక్కుతుందనీ, లేనివాడికి ఉన్న కాస్తా పోతుందనీ అర్థం వచ్చే మాట ఒకటుంది. శతాబ్దాలుగా వ్యాఖ్యాతలను తికమకపెట్టిన మాట అది. బర్న్ దాన్ని ఒక పొడుపుకథగా ఎత్తుకుని, ఇందులో ఒక మాట దాగి ఉందని, ఆ మాట 'కృతజ్ఞత' అని విప్పుతుంది. ఉన్నవాడికి అంటే కృతజ్ఞత ఉన్నవాడికి అన్నమాట. పుస్తకమంతా ఈ పునాది మీదే నిలబడింది. తాళపత్రాలు పరిష్కరించిన మన పాత పండితుల దగ్గరకు ఎవరైనా ఇటువంటి పాఠం తీసుకుపోయి ఉంటే, ఏ ప్రతిలో ఉంది నాయనా ఈ మాట అని అడిగి, ప్రక్షిప్తమని పక్కన పెట్టి ఉండేవాళ్లు. ఇంతకన్నా ముఖ్యమైన ఇబ్బంది మరొకటుంది. ఈ అర్థం చెప్పుకుంటే లేనివాడు లేనివాడుగా ఉండటానికి కారణం వాడి కృతఘ్నతే అవుతుంది. కూలి సరిగా ముట్టనివాడికి, కౌలు పెరిగిపోయినవాడికి ఈ పుస్తకం చెప్పేది అదే. మర్యాదగా చెబుతుందనే మాట నిజమే.

అయితే పుస్తకం పొల్లు కాబట్టి అలవాటూ పొల్లేనని కొట్టిపారేయడం న్యాయం కాదు. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2003 లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. విద్యార్థులను మూడు జట్లు చేసి పది వారాలపాటు, వారానికొకసారి, ఒక జట్టుచేత తాము కృతజ్ఞులై ఉన్న విషయాలు, రెండో జట్టుచేత చిరాకులు, మూడో జట్టుచేత మామూలు సంగతులు రాయించారు. మేళ్లు రాసినవాళ్లు తమ బతుకు పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నట్టు తేలింది. కండరాల జబ్బులున్న పెద్దవాళ్లచేత 21 రోజులు రాయిస్తే, వాళ్లకు నిద్ర కూడా కొంత మెరుగుపడింది. తరువాతి కాలంలో ఇటువంటి పరిశోధనలన్నిటినీ కలిపి తూచినవాళ్లు, ఫలితం ఉంది గాని చిన్నదే అన్నారు. దిగులుకూ ఆందోళనకూ ఇది మందు అని నమ్ముకోవద్దని కూడా హెచ్చరించారు. సోన్యా ల్యూబోమిర్‌స్కీ అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు 2005 లో చెప్పిన సంగతి ఇంకా ఆసక్తికరం: వారానికి ఒక్కసారి రాసినవాళ్లకు కలిగిన మేలు వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కలగలేదు. రోజూ ఒకే చెంబు తోమితే చెంబు అరుగుతుంది.

ఈ అరుగుదల సంగతి మనకు కొత్తది కాదు. అక్కడికి వస్తాను. దానికన్నా ముందు మాటల దగ్గర కాస్త ఆగాలి.

మన ఇళ్లలో థాంక్స్ అనే మాటకు సరైన తెలుగు లేదని పిల్లలు అంటుంటారు. 'ధన్యవాదాలు' సభల్లో చివర చెప్పే మాట. వదిన గ్లాసుడు మజ్జిగ ఇస్తే ధన్యవాదాలంటే ఆవిడ మన మొహం వింతగా చూస్తుంది. మరాఠీ గడ్డమీద ఉన్న షోలాపూరు మనవాళ్లకు 'ఆభార్' అనే మాట అలవాటు. తమిళనాట 'నన్రి' చెవిలో పడని రోజుండదు. కన్నడిగులకు 'ఉపకార స్మరణె' అనే చక్కటి మాట ఉంది. మనకేముంది? మనకు ఉన్నది మాట కాదు, రెండు దిక్కులకు పోయే వాక్యాలు. మేలు చేసినవాళ్లు పెద్దవాళ్లయితే 'మీ రుణం తీర్చుకోలేనిది' అంటాం, 'అంతా మీ చలవ' అంటాం. చిన్నవాళ్లయితే దీవిస్తాం. బస్సులో పక్కకు జరిగి చోటిచ్చిన కుర్రవాడికి ముసలమ్మ థాంక్స్ చెప్పదు, 'నీ కడుపు చల్లగా ఉండ' అంటుంది. అన్నం పెట్టినవాడికి సుఖీభవ అంటాం. ఈ వాక్యాలు దేనికీ 'నాకు హాయిగా ఉంది' అని అర్థం కాదు. ఒకటి అప్పు ఒప్పుకోవడం, రెండోది ఎదుటివాడికి తిరిగి ఏదో ఇవ్వడం. రెంటిలోనూ ఎదుట ఒక మనిషి ఉండాలి.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'కృతజ్ఞత' కూడా విడగొడితే ఇదే చెబుతుంది. కృతమును ఎరిగినవాడు కృతజ్ఞుడు. చేసినదాన్ని తెలుసుకోవడం అందులోని అసలు అర్థం. తిరుక్కురళ్‌లో పదకొండో అధ్యాయం మొత్తం, పది కురళ్లూ దీనిమీదే. ఆ అధ్యాయం పేరు కూడా 'చేసిన మేలు ఎరగడం' అనే అర్థమిచ్చేదే. రెండు భాషా కుటుంబాలు వేరువేరుగా పోయి ఒకే క్రియ దగ్గర కలుసుకున్నాయి. కృతజ్ఞత వాళ్ల లెక్కలో ఒక జ్ఞానం. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎంత కష్టం మీద చేశారు అన్నది తెలిసి ఉండటం. నోటుపుస్తకం అడిగేది మాత్రం మన మనసు ఎలా ఉందని.

ఇక సామెతల్లో చూస్తే మనవాళ్లకు కృతజ్ఞతకన్నా కృతఘ్నతే ఎక్కువ కథావస్తువు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ఏరు దాటి తెప్ప తగలేయడం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. ఈ చివరిది నాకు చాలాకాలంగా ఆలోచన కలిగిస్తున్నది. అన్నం పెట్టిన ఇంట్లో కూర్చుని పైకి చూస్తూ వాసాలు లెక్కపెట్టేవాడు ఏం తప్పు చేశాడు? వాడు లెక్కపెడుతున్నాడు, అంతే. పెట్టిన చేతిమీద చూపు లేదు, ఇంటి విలువ మీద ఉంది. లెక్కే కృతఘ్నత అయిన చోట లెక్కను కృతజ్ఞతగా ఎలా మార్చడం అన్నదే ఈ కొత్త ప్రక్రియ మన ముందు పెట్టే చిక్కు.

మన కావ్యాలకు ఇటువంటి అలవాటు ఒకటి మొదటినుంచీ ఉంది. ఆంధ్ర మహాభారత అవతారికలో నన్నయ, తనకు నారాయణభట్టు తోడుపడ్డాడని పేరుపెట్టి చెబుతాడు. భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు ఎటువంటి సాయమో ఈ భారతరచనలో తనకు ఆయన అటువంటి సాయం అంటాడు. ఎంత మాట! రాయబోయే కథలోంచే ఉపమానం తెచ్చి మిత్రుణ్ణి సారథిని చేశాడు. ఆ నారాయణభట్టుకే రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామం ఇచ్చాడని శాసనముంది. సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచి, ఆంధ్రం తెలిసిన పండితుడని ఆ శాసనం ఆయన్ని మెచ్చుకుంటుంది. తెలుగులో మనకు దొరికిన మొదటి కావ్యం ప్రారంభంలోనే, కన్నడం కూడా చదివిన ఒక బహుభాషావేత్తకు ఒప్పుకున్న అప్పు ఉంది. మనలాగా రెండు మూడు భాషల మధ్య బతికేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

తరువాత అది సంప్రదాయమైంది. ఇష్టదేవతాస్తుతి, ఆపైన పూర్వకవిస్తుతి, ఆ పక్కనే కుకవినింద. రెండో తరం, మూడో తరం ప్రబంధాలకు వచ్చేసరికి పూర్వకవిస్తుతి పెళ్లిపత్రిక మీది శ్రీకారంలాగా తయారైంది. అవే పేర్లు, అవే విశేషణాలు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో చెప్పే కవి అరుదు. నేను ఇందాక అన్న అరుగుదల ఇదే. నన్నయ పద్యంలో నారాయణభట్టు కనిపిస్తాడు. అయిదారు వందల ఏళ్ల తరువాతి అవతారికల్లో నన్నయ కనిపించడు, నన్నయ అనే పేరు కనిపిస్తుంది. అలవాటు చేసేది ఒక్కోసారి ఇంతే. అయితే కుకవినింద పక్కనే ఉండటం నాకు నచ్చుతుంది. పొగడ్త ఎక్కడుందో తిట్టూ అక్కడే ఉండాలని మన పూర్వులు ఎందుకు అనుకున్నారో గాని, దానివల్ల పొగడ్తకు కాస్త విలువ నిలబడింది. అందరికీ కృతజ్ఞుణ్ణి అనేవాడి మాట ఎవరు నమ్ముతారు?

ఎమ్మన్స్ ప్రయోగంలో మేళ్లు రాసే జట్టు వేరు, చిరాకులు రాసే జట్టు వేరు. శాస్త్రానికి అది అవసరం కావచ్చు. సాహిత్యానికి కాదు. కంచెర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోలకొండ ఖైదులో పాడినట్టు చెప్పుకునే కీర్తనల్లో ఒకటి అచ్చంగా పద్దుపుస్తకం. తహసీలు డబ్బు ఖర్చుపెట్టి భద్రాచలంలో గుడి కట్టించి, నగలు చేయించినవాడు, ఏ నగకు ఎంతయిందో వరసగా అప్పగిస్తాడు. భరతుడి పతకానికి ఇన్ని వరహాలు, శత్రుఘ్నుడి మొలతాడుకు ఇన్ని మొహరీలు, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత. ఇవన్నీ పెట్టుకుని కులుకుతున్నావు, ఇది మీ నాన్న సొమ్మా, మామగారు పంపిన సొమ్మా అని దేవుణ్ణి నిలదీస్తాడు. తాను పెట్టిన ఖర్చు లెక్కపెట్టడం, తిట్టడం, కడుపుమంట, అన్నీ ఉన్నాయి అందులో. ఏ నోటుపుస్తకం సలహాదారుకు చూపించినా ఇది 'నెగెటివ్' అని పేజీ చింపేయిస్తాడు. చివరకు వచ్చి, దెబ్బలకు ఓర్వలేక అన్నాను, ఏమీ అనుకోకు అంటాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ కీర్తన పాతపడకపోవడానికి కారణం ఆ చివరి బుజ్జగింపు కాదు. అంతలేసి మాటలు అనగలిగినంత చనువు. ఎదుట ఒకరున్నారని నమ్మినవాడు మాత్రమే అలా దెబ్బలాడగలడు. ఫిర్యాదూ కృతజ్ఞతా ఒకే చిరునామాకు పోతున్నాయి.

నోటుపుస్తకానికి లేనిది ఆ చిరునామాయే. 'ఈ కాఫీకి థాంక్యూ, ఈ ఎండకు థాంక్యూ' అని రాసినప్పుడు ఆ కాఫీ తెచ్చిచ్చిన కోడలి పేరు ఎక్కడా లేదు. రాసుకున్నది ఎవరికీ చూపించనక్కరలేదు. మన సొంత మనసు బాగుకోసం మనం వేసుకునే మందు అది. అలా అనుకుని వేసుకుంటే తప్పు లేదు. దాన్ని కృతజ్ఞత అంటేనే నాకు పేచీ.

పేచీ పెట్టడానికి ఇంకో కారణముంది. అది మన పరిస్థితికి చెందినది. వేరే రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు కృతజ్ఞత అనే మాట ఎప్పుడూ ఎదురవుతూనే ఉంటుంది, ఎక్కువగా ఇతరుల నోట. బడిలో తెలుగు అయ్యవారి ఖాళీ నింపమని అర్జీ పెడితే, ఇన్నేళ్లు ఉండనిచ్చినందుకు సంతోషించక ఇంకా ఏం కావాలని అడిగేవాళ్లు ప్రతి తాలూకాలోనూ ఉంటారు. మనలోనే కొందరు పెద్దలు, ఉన్నదానికి దండం పెట్టుకుని ఊరుకోండర్రా అంటారు. 1956 లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన వసతులు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలంటుంది. హక్కుగా రాసి ఉన్నదాన్ని ఉపకారంగా పుచ్చుకోమంటే ఎలా? తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి అయి, ఏటా ఒక్కో తరగతికి పాకుతూ 2016 నాటికి పదో తరగతి పరీక్షకు వచ్చింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ బడుల పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగారు. తమిళం నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం లేదు, వీధిలో అది మన భాషే. తెలుగుకు చోటు లేకుండా చేయవద్దన్నదే మొర. ఆ మొర పెట్టుకున్నవాళ్లు కృతఘ్నులా? మన నేలను, మనకు అన్నం పెట్టిన ఊరిని మనం ప్రేమిస్తూనే దాంతో దెబ్బలాడవచ్చు. రామదాసు పద్ధతి అదే కదా.

ఇక్కడ జాషువా గుర్తుకొస్తాడు. తనకు గురువులు ఇద్దరు, పేదరికమూ కులమత భేదమూ అని ఆయన రాసుకున్నాడు. మొదటిది తనకు ఓర్పు నేర్పిందనీ, రెండోది ఎదిరించే శక్తిని పెంచిందనీ ఆయన భావం. దాన్ని ఎవరైనా 'కష్టాలకు కూడా థాంక్స్ చెప్పిన గొప్ప మనసు' అని కోట్ చేస్తే ఒళ్లు మండుతుంది. ఆయన గురుదక్షిణ ఎలా చెల్లించాడో గబ్బిలం చదివినవాళ్లకు తెలుసు. అది థాంక్యూ కాదు.

ఇంత చెప్పాక, రోజూ చేసే కృతజ్ఞతకు, జాబితాగా ఉండే కృతజ్ఞతకు మన భాషలో మంచి రూపమే లేదా అంటే, ఉంది. అదీ మన బయటి తెలుగులోనే, కావేరి ఒడ్డున. త్యాగరాజు 1767 నుంచి 1847 వరకు బతికాడు. ఉంఛవృత్తి చేసి, అంటే వీధిలో పాడుతూ బియ్యం పుచ్చుకుని సంసారం నడిపాడని చెబుతారు. రోజూ నలుగురు గిన్నెడు పోస్తేగాని పొయ్యి వెలగని మనిషికి కృతజ్ఞత నోటుపుస్తకంలో రాసుకునే విషయం కాదు. ఆయన 'ఎందరో మహానుభావులు' శ్రీరాగంలో ఉన్న పంచరత్న కృతి. ఎంతో పాడుకున్నాం గనుక దాని నిర్మాణం మీద మనకు చూపు పోవడం లేదు. అది ఒక జాబితా. చరణం తరువాత చరణం, ఎవరెవరు గొప్పవాళ్లో చెబుతూ పోతుంది. సామగానం రుచి తెలిసినవాళ్లు, మనసనే కోతిని ఆపగలిగినవాళ్లు, సూర్యచంద్రులు, నారద తుంబురులు, ఆంజనేయుడు, శుకుడు, ప్రహ్లాదుడు, భాగవత రామాయణాల రహస్యం ఎరిగినవాళ్లు, భావరాగలయలు తెలిసినవాళ్లు.

గమనించవలసినది ఏమంటే, ఆ జాబితాలో ఎక్కడా 'నాకు ఏమి చేశారు' అన్నది లేదు. వాళ్లు తనకు ఇచ్చిన వరాల లెక్క లేదు. వాళ్లు ఉన్నారు, అందుకు నమస్కారం. పైగా 'ఎందరో' అనే మాటలో లెక్క ఆగిపోయిందన్న ఒప్పుకోలు ఉంది. పది రాసి పుస్తకం మూసేయమనే పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. ఆయన ఎక్కడ గీత గీయాలో తెలియక, తెలిసినవాళ్ల పేర్లన్నీ చెప్పి, చెప్పనివాళ్లకు కూడా కలిపి దండం పెట్టాడు. కేరళనుంచి వచ్చిన గోవింద మారార్ పాట విని ఈ కృతి పాడాడని, శిష్యులచేత పాడించాడని ఒక కథ ఉంది. కథగానే తీసుకున్నా, పరభాషవాడు, పరదేశం విద్వాంసుడు ఎదురుగా ఉన్నప్పుడు పుట్టిన పాటగా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారన్నది ముచ్చటైన సంగతి. ఇక అదే త్యాగరాజు మిగతా కృతుల్లో రాముణ్ణి ఎన్ని నిష్ఠూరాలాడాడో సంగీతం తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ త్యాగరాజుకు రుణం తీర్చిన కథ ఇంకా ఉంది. తిరువయ్యారులో ఆయన సమాధి పాడుబడి ఉందని మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప తన శిష్యురాలికి కబురు చేశాడు. ఆవిడ బెంగుళూరు నాగరత్నమ్మ. 1878 లో నంజనగూడులో పుట్టిన కన్నడ మనిషి, దేవదాసి కులం, తెలుగు సంస్కృతాలు చదువుకున్న పండితురాలు. 1921 లో పని మొదలుపెట్టి, నగలమ్మి సొమ్ము సమకూర్చి, 1925 లో గుడి కట్టి ప్రతిష్ఠ చేయించింది. అక్కడ ఆరాధన జరిపే రెండు కక్షలవాళ్లూ ఆడవాళ్లను పాడనివ్వలేదు. సొంత సొమ్ముతో కట్టించిన గుడి ముందు పాడటానికి ఆవిడకు వీలు లేదు! ఆవిడ 1927 లో ఆడవాళ్లతో మూడో జట్టు పెట్టింది. 1940 దాటేసరికి కక్షలన్నీ కలిశాయి, ఆడవాళ్లూ పాడారు. కృతజ్ఞత ఉన్నచోట హక్కు అడగకూడదని ఎవరూ ఆవిడకు నేర్పలేకపోయారు. నగలమ్మిందీ ఆవిడే, పోట్లాడిందీ ఆవిడే. 1952 లో పోయాక అక్కడే, ఆ సమాధికి దగ్గరలోనే ఆవిడకూ గుడి వెలిసింది. ఏటా పుష్య బహుళ పంచమికి వందలాది గొంతులు కలిసి 'ఎందరో' పాడతాయి. అందులో చాలామందికి తెలుగు రాదు.

నాగరత్నమ్మ కట్టినది ఒక్క గుడే కాదు. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో 'రాధికా సాంత్వనము' రాసింది. ఆ కావ్యం ఎత్తుగడలో ఆమె మగ కవుల మాదిరి తాత ముత్తాతల వంశం ఎత్తుకోకుండా, తన అవ్వ తంజనాయకి పేరు చెప్పి, ఇంటి ఆడవాళ్ల పేరు నిలబెట్టింది. పూర్వకవిస్తుతి అరిగిపోయి శ్రీకారమైన కాలంలో, తనను పెంచి విద్య చెప్పించినవాళ్లను గుర్తుచేసుకున్న అవతారిక అది. 1887 లో వచ్చిన ముద్రణలో కొన్ని పద్యాలతోపాటు ఆ భాగం కూడా ఎత్తేశారు. శృంగారం మోటుగా ఉందని పద్యాలు తీసేశారంటే ఏదో కారణమనుకోవచ్చు. అవ్వ పేరు చెప్పుకున్న పద్యాల్లో ఏం మోటుతనం కనిపించిందో? నాగరత్నమ్మ ప్రతులు వెదికి, సరిచూసి, పోయినవి చేర్చి 1910 లో వావిళ్లవారిచేత అచ్చువేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని ఆ పుస్తకం మీద విరుచుకుపడి ప్రతులు పట్టుకుపోయింది. 1947 లో ప్రకాశం పంతులు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ నిషేధం ఎత్తేశారు. తంజనాయకి పేరు తెలుగు అచ్చులోకి రావడానికి 23 ఏళ్లు పట్టింది, వచ్చిన పేరు నిర్భయంగా అమ్ముడుపోవడానికి ఇంకో 37 ఏళ్లు.